బెండు లేని గాలం

చేపలు పట్టడం నాకు వచ్చుననే ధీమాతోనే స్కాట్లాండ్‌లో దిగాను. కోనసీమలో పంట కాలువ గట్టున పెరిగినవాడికి ఆ విద్య ఇంకొకరు నేర్పాలా? వెదురు కర్ర, నైలాను దారం, నెమలి ఈక కాడతో చేసిన బెండు, కొక్కేనికి గుచ్చిన వానపాము. మా మామయ్య నేర్పిన శాస్త్రమంతా ఒకే ముక్క: "బెండు మునిగిందా, లాగు." ఆ ఒక్క ముక్కతో జెల్లలు పట్టాను, పరికలు పట్టాను, ఒకసారి మోచేతి పొడవు కొర్రమీనును కూడా గట్టెక్కించాను. ముప్పై ఏళ్ళ తర్వాత డీ నదిలో నా కొంప ముంచింది కూడా ఆ ముక్కే.

ఉద్యోగం కోసం మేము అబెర్డీన్ వచ్చింది 2021లో. డీ నది సముద్రంలో కలిసేది ఈ ఊళ్ళోనే. కెయిర్న్‌గామ్ కొండల్లో నాలుగు వేల అడుగుల ఎత్తున పుట్టి, బ్రేమార్, బల్లేటర్, అబోయిన్, బాంకరీల పక్కగా 140 కిలోమీటర్లు నడిచి వస్తుంది. గోదావరిని చూసిన కళ్ళకు అది నదిలా ఆనలేదు. మా ఊరి పెద్ద కాలువకు అన్నగారు, అంతే. నీళ్ళు మాత్రం అడుగున ఉన్న గులకరాళ్ళను లెక్కపెట్టుకునేంత తేట. కొండల మీద వాన కురిసిన మర్నాడు కుళ్ళిన మొక్కలతో ఏర్పడ్డ పీట్ నేలల్లోంచి దిగే నీటితో అదే నది కాఫీ డికాషన్ రంగుకు తిరుగుతుంది.

మరుసటి ఏడాది అక్టోబరులో ఒక ఆదివారం పిల్లలతో బాంకరీ వెళ్ళాం. ఫ్యూ అనే ఉపనది డీలో కలవబోయే ముందు అక్కడ బండల మీద నుంచి దూకుతుంది. పక్కనే ఒక కాలినడక వంతెన ఉంది. దాని మీద నిలబడి చూస్తుండగా నురగలోంచి ఒక చేప లేచింది. చేయంత చేప. బండకు కొట్టుకుని వెనక్కి పడింది. రెండు నిమిషాల తర్వాత అదో, ఇంకొకటో మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పదకొండోసారి పైకెక్కింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. మా ఆవిడ నెమ్మదిగా, "ఇది వీళ్ళ పులస" అంది.

అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. సముద్రంలో విలసగా ఉన్నది గోదావరి ఎర్రనీళ్ళకు ఎదురీది పులస అయినట్టే, సాల్మన్ అనే ఈ చేప కూడా సముద్రంలో బలిసి గుడ్లు పెట్టడానికి ఏటికి ఎక్కుతుంది. ఏటి గులకరాళ్ళ మధ్య పుట్టి, రెండు మూడేళ్ళు అక్కడే వేలెడు పిల్లగా పెరిగి, ఒక వసంతంలో వెండి రంగుకు మారి సముద్రానికి పోతుంది. గ్రీన్‌లాండ్ దాకా కూడా వెళ్ళి మేసి, ఒకటి నుంచి మూడేళ్ళకు తను పుట్టిన ఏటినే వాసన పట్టి వెతుక్కుంటూ వస్తుంది. సముద్రంలో ఒక్క శీతాకాలమే గడిపి వచ్చిన చిన్నదాన్ని గ్రిల్స్ అంటారు. ఇంకో సంగతి ఆ తర్వాత తెలిసింది. తీపినీటిలోకి వచ్చాక సాల్మన్ మేత మానేస్తుంది. ఫిబ్రవరిలో ఏరెక్కిన చేప నవంబరులో గుడ్లు పెట్టేదాకా ఉపవాసమే. మరి తిండే తినని చేపకు ఎర ఏమి వేస్తాం?

ఈ ప్రశ్నతోనే ఊళ్ళో గాలాల దుకాణానికి వెళ్ళాను. ప్రశ్నకు సమాధానం రాలేదు గానీ, నా ఆదివారం మీద పిడుగు పడింది. స్కాట్లాండ్‌లో ఆదివారం సాల్మన్ పట్టడం చట్టరీత్యా నిషేధం. ఇక్కడ గాలానికి లైసెన్సు అక్కరలేదు, సరిహద్దులోని ఎస్క్ నది తప్ప. కానీ హక్కుదారు అనుమతి లేకుండా సాల్మన్‌కు గాలం వేస్తే నేరం. హక్కుదారు అంటే గట్టు మీద పొలం ఉన్నవాడు అనుకునేరు. పొలం ఒకరిది, దాని పక్క నీళ్ళలో సాల్మన్ పట్టే హక్కు మరొకరిది కావచ్చు. ఆ హక్కును ఇల్లు అమ్మినట్టు అమ్ముకోవచ్చు, వారసులకు రాసిపెట్టవచ్చు. నదిని ముక్కలు ముక్కలుగా చేసి ఒక్కో ముక్కను బీట్ అంటారు. పేరున్న బీట్‌లో మంచి వారానికి అడిగే ధర విని నేను సంచీ సర్దుకుని బయటకు రాబోయాను. దుకాణం ఆవిడ ఆపి, ఏప్రిల్‌లో ఒక శనివారం ఖాళీగా ఉన్న చోటు చూపించింది. రోజుకు 75 పౌండ్లు, అద్దె సామాను, గిల్లీ బక్షీసు వేరే. మా ఆవిడతో బక్షీసు సంగతి చెప్పలేదు.

గిల్లీ అంటే బీట్‌ను చూసుకుంటూ, వచ్చినవాళ్ళకు చేప ఎక్కడుందో, ఎలా పట్టాలో చెప్పే మనిషి. గేలిక్‌లో ఆ మాటకు కుర్రాడని అర్థం. మా కుర్రాడికి డెబ్బై దగ్గర పడ్డాయి. నన్ను చూడగానే "ఫిట్ లైక్?" అన్నారు. ఒంటి దారుఢ్యం గురించి అడుగుతున్నారనుకుని, వారానికి మూడు రోజులు నడుస్తానండీ అన్నాను. ఈ ప్రాంతపు డోరిక్ యాసలో దానికి "ఎలా ఉన్నావు" అని మాత్రమే అర్థమని మధ్యాహ్నం ఆయనే చెప్పారు. ఉదయమంతా ఆ నవ్వు ఎలా ఆపుకున్నారో తెలియదు.

చంకల దాకా వచ్చే రబ్బరు వేడర్లు తొడిగించి, గాలి నింపుకునే జాకెట్టు కట్టించి, చేతికి ఊతకర్ర ఇచ్చారు. కానీ నీళ్ళలోకి దింపలేదు. గంటసేపు గడ్డిలో నిలబెట్టి 14 అడుగుల కర్రను రెండు చేతులతో విసరడం నేర్పారు. కర్ర పొడవు చూసి భయపడ్డాను గానీ, కష్టం దారంతో వచ్చింది. మన గాలంలో బరువు కొస దగ్గర ఉంటుంది, విసిరితే అదే పోతుంది. ఇక్కడ కొసన కట్టేది ఈకలతో చేసిన దొంగ ఈగ, దానికి బరువే లేదు. లావుపాటి దారం బరువే ఈగను మోసుకుపోవాలి. వెనక చెట్లుంటాయి కనుక దారాన్ని వెనక్కి పూర్తిగా విసరడానికి లేదు. నీటి మీద దారం కొసను ఆనించి, కర్ర వెనక ఉయ్యాలలా ఒక వంపు ఏర్పడేలా తిప్పి, ఆ వంపును ముందుకు నెట్టాలి. స్పే నది మీద పుట్టింది కనుక దీనికి స్పే కాస్ట్ అని పేరు. నేను బండ మీద బట్టలు ఉతికినట్టు బాదాను. ఆయన కాసేపు చూసి, "నదికేమీ కోపం రాదు, మెల్లగా చెయ్యి" అన్నారు. బలం తగ్గించినప్పుడల్లా దారం ఇంకో రెండు గజాలు ముందుకు వెళ్ళింది. నాకది అన్యాయంగా తోచింది.

తర్వాత పెట్టె తెరిచి ఈగలు చూపించారు. డీ నదిలో వానపాములు, రొయ్యలు వేయనివ్వరు, కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు చుట్టి చేసిన దొంగ ఈగలే వాడాలి. పేరుకు ఈగలే గానీ ఏ ఈగకూ ఆ పోలిక లేదు. కాస్కేడ్ అనేది నారింజ, పసుపు రంగుల తోకతో పెళ్ళి బ్యాండువాడి టోపీలా ఉంది. దాని రెండు వైపులా తెల్లగా, మైనం పూసినట్టు మెరిసే చిన్న చుక్కలున్నాయి. చేప కన్నులా కనిపించడానికట. "ఇది మీ దేశానిదే" అన్నారాయన. దక్షిణ భారతపు అడవికోడి మెడ ఈకలవి! విక్టోరియా రాణి కాలం నుంచి వీళ్ళు ఆ ఈకల కోసం పడిచచ్చారు. మన దేశం ఎగుమతిని నిషేధించాక ఇక్కడే ఆ కోళ్ళను పెంచుకుంటున్నారు. మన్యంలో తెల్లవారుజామున కూసే కోడి మెడ ఈక, మంచు కరిగిన నీళ్ళలో, తిండి తినని చేప కోసం. కాసేపు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

తినని చేప దాన్ని ఎందుకు కరుస్తుంది? అడిగాను. సముద్రంలో రొయ్యలు తిన్న అలవాటు అనేవాళ్ళున్నారు, తన చోటులోకి వచ్చిందన్న కోపం అనేవాళ్ళున్నారు. గిల్లీ మాత్రం, "దానికి చేతులు లేవు కదా, ఏమిటో చూడాలంటే నోటితోనే చూడాలి" అన్నారు. నాకు అదే నచ్చింది.

ఇక పని మొదలైంది. మడుగు పైకొసన తొడల దాకా దిగడం, దారాన్ని అవతలి గట్టుకు ఏటవాలుగా కిందికి విసరడం, ప్రవాహం దారం నడుమను లాక్కుపోకుండా దాన్ని ఎత్తి పైకి మళ్ళించడం, ఈగ మెల్లగా నదికి అడ్డంగా ఊగి మన కిందికి వచ్చేదాకా ఆగడం, రెండడుగులు కిందికి నడవడం. మళ్ళీ విసరడం. తేలే దారంతో చేసే ఈ పద్ధతికి మెరుగు దిద్దింది ఆర్థర్ వుడ్ అనే ఆయన, ఇదే నది మీద, బాంకరీ ఎగువన కెయిర్న్‌టన్‌లో, వందేళ్ళ కిందట. అప్పట్లో దారం తేలడానికి దానికి కొవ్వు పూసేవారట. ఒక మడుగు పూర్తిగా దిగడానికి గంటన్నర పట్టింది. బెండు లేదు. చూడటానికి ఏమీ లేదు. కాళ్ళకు స్పర్శ పోయింది. మధ్యాహ్నం రొట్టె తింటూ, 2015 డిసెంబరు వరదకు ఏ మడుగు పూడిపోయిందో, ఎక్కడ కొత్త జాలు పడిందో ఆయన చెబుతూ పోయారు. ఆ వరద బల్లేటర్ ఊళ్ళోకి వచ్చింది. గోదావరి ఒక లంకను మింగి ఇంకోచోట ఇంకో లంకను కక్కే కథలు నేను చెప్పాను. ఆ రోజు మాకు దొరికింది ఆ కబుర్లే.

మే నెలలో మళ్ళీ వెళ్ళాను. మూడు గంటల వేళ, నాలుగో మడుగులో, ఈగ నదికి అడ్డంగా సగం ఊగిందో లేదో, దారం మీద ఒక లాగుడు. గట్టిది కాదు. తలుపు సందులో చీర చెంగు పట్టుకున్నట్టు, అంతే. ముప్పై ఏళ్ళ కిందటి మామయ్య నా భుజంలో లేచాడు. కర్రను ఆకాశానికి ఎత్తి లాగాను. అవతల క్షణం పాటు ఒక బరువు, నీటి కింద పళ్ళెమంత వెండి మెరుపు, తర్వాత వదులుగా వేలాడే దారం. గోవిందా.

గిల్లీ గట్టు మీద తల పట్టుకున్నారు. ఆయన ఉదయం చెప్పనే చెప్పారు. సాల్మన్ ఈగను నోట పెట్టుకుని వెనక్కి తిరగాలి, అప్పుడే కొక్కెం దవడ మూలన దిగుతుంది. ముందే లాగితే నోట్లోంచి ఊడి వస్తుంది. అందుకని చేప పట్టగానే కర్ర ఎత్తకుండా, "దేవుడు మహారాణిని కాపాడుగాక" అని తాపీగా అనుకుని, ఆ తర్వాతే ఎత్తమంటారు ఇక్కడి పెద్దలు. "ఇప్పుడు మహారాజు అనాలి. కానీ చేపకు పాతదే అలవాటు" అన్నారాయన. బాల్మోరల్ కోట ఈ నది గట్టునే ఉంది. 2022 సెప్టెంబరులో మహారాణి కన్నుమూసింది అక్కడే. ఆయన ఆ మాట నవ్వుతూ అనలేదు.

జూన్‌లో చేతి దురద ఆగక డాన్ నదికి వెళ్ళాను. డీకి ఉత్తరాన సమాంతరంగా పారి అదే అబెర్డీన్‌లో కలిసే నది. "డాన్ ఒక మైలు డీ రెండు మైళ్ళ పెట్టు, సాల్మనూ రాయీ చెట్టూ తప్ప" అని ఇక్కడొక పాత పద్యం. డాన్ ట్రౌట్ అనే చేపకు పేరుపడ్డ నది. టికెట్టు చౌక, కర్ర తొమ్మిది అడుగులే, సీజను మార్చి 15 నుంచి అక్టోబరు 6 దాకా. ఆదివారం ట్రౌట్‌కు చట్టం అడ్డురాదు గానీ కొన్ని క్లబ్బులు ఒప్పుకోవు. రాత్రి పది దాటినా వెలుతురు పోదు. నీటి మీద నిజం ఈగలు లేస్తుంటే ట్రౌట్ మూతి పైకి పెట్టి ఒక్కొక్కటే తీసుకుంటుంది, ఉంగరాల్లా అలలు విచ్చుకుంటాయి. ఆ ఉంగరానికి గజం ఎగువన గోరంత దొంగ ఈగను వాలిస్తే తేలుతూ వచ్చి మాయమవుతుంది. మాయమైన క్షణమే లాగాలి. ఇక్కడ మహారాణి లేదు, మహారాజు లేదు. ట్రౌట్ నిజంగా తినే చేప, మోసం తెలియగానే ఉమ్మేస్తుంది. మామయ్య శాస్త్రం ఇక్కడ చెల్లింది. ఆ సాయంత్రం ఒళ్ళంతా ఎర్రచుక్కలున్న బ్రౌన్ ట్రౌట్ రెండు దొరికాయి. మిడ్జ్‌లనే నుసుములకు నా మెడ దొరికింది. ఈ బ్రౌన్ ట్రౌట్, సముద్రానికి పోయి వెండి రంగుతో తిరిగివచ్చే సీ ట్రౌట్ రెండూ ఒకే జాతి. ఏట్లో ఉండిపోయినదానికి ఒక పేరు, కడలి చూసి వచ్చినదానికి ఇంకో పేరు. విలస, పులసల వాళ్ళకు ఇది వింతగా తోచదు.

అయితే ట్రౌట్ నా రోగాన్ని ఇంకా ముదరబెట్టింది. చేయి మరింత చురుకైంది. ఆగస్టులో డీలో ఇంకో సాల్మన్‌ను అలాగే పోగొట్టుకున్నాను. టే నదిలో 1922లో జార్జినా బాలంటైన్ అనే ఆవిడ 64 పౌండ్ల సాల్మన్‌ను పట్టిందనీ, గాలానికి చిక్కినవాటిలో బ్రిటన్‌లో ఈనాటికీ అదే రికార్డనీ మా ఆవిడ ఎక్కడో చదివింది. అది 29 కిలోలని లెక్కగట్టి, నేను ఉత్త చేతులతో వచ్చిన ప్రతి శనివారం గుర్తుచేసేది.

మరుసటి ఏడాది, 2024 సెప్టెంబరు రెండో శనివారం. నీళ్ళు తగ్గి డికాషన్ రంగు పలచబడుతోంది. అదే నాలుగో మడుగు. చీర చెంగు మళ్ళీ చిక్కుకుంది. మహారాణి నాకు సమయానికి గుర్తుకు రాదని ఈ ఏడాది నాదైన మంత్రం సిద్ధం చేసుకున్నాను. "ఏడుకొండలవాడా, వేంకటరమణా, గోవిందా గోవింద." కర్ర కదల్చలేదు. రీలు కిర్రుమంటూ తిరగడం మొదలైంది. రెండో గోవింద దగ్గర కర్ర ఎత్తాను. అవతల బరువు అలాగే ఉంది, బతికి ఉంది, కోపంగా ఉంది.

పావుగంట పట్టింది. అది పరుగెత్తితే దారం ఇవ్వడం, ఆగితే చుట్టుకోవడం. ఒకసారి గాలిలోకి లేచింది. గిల్లీ అరిచారు, నేను కర్ర దించాను, లేకపోతే దారం తెగేదే. చివరికి పక్కకు ఒరిగి ఆయన పట్టిన వలలోకి వచ్చింది. వలను నీళ్ళలోంచి పైకెత్తలేదు. 27 అంగుళాల ఆడచేప, వెండి రంగు మీద రాగి ఛాయ అప్పుడే పాకుతోంది. పొడవును బట్టి చూసే పట్టికలో ఏడున్నర పౌండ్లు. ఈగకు ముల్లు ముందే నొక్కేసి ఉంది కనుక కొక్కెం వేళ్ళతోనే వచ్చింది. డీలో పట్టిన సాల్మన్‌ను వదిలేయడమే పద్ధతి. 2023లో స్కాట్లాండ్ నదులన్నిటిలో కలిపి గాలాలకు చిక్కినవి 32 వేల చిల్లరే, 1952లో లెక్క మొదలుపెట్టాక అంత తక్కువ ఎప్పుడూ లేదు. వేసవిలో ఉపనదులు వేడెక్కకుండా నీడ కోసం ఎగువ గట్ల మీద చెట్లు నాటుతున్నారు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినా, దాని తోక మొదలు పట్టుకుని తల ప్రవాహానికి ఎదురుగా నిలిపినప్పుడు, గోదావరి జిల్లా నాలుక ఒకటి నోట్లో కదిలిందని ఒప్పుకోవాలి. పుస్తెలమ్మి అయినా పులస తినమన్న ఊళ్ళవాళ్ళం.

నిమిషం పాటు మొప్పలు ఆడాయి. నా పిడికిలిలో ఒక్కసారిగా బలం వచ్చినట్టు అనిపించింది, కానీ అది నాది కాదు. పిడికిలి ఖాళీ అయింది. వేడర్ల మీద నీళ్ళు చిందాయి, అది లేదు.

గుడిసెలో గిల్లీ చిన్న గ్లాసుల్లో విస్కీ పోసి, బీట్ పుస్తకం తెరిచారు. తేదీ, మడుగు, బరువు, ఈగ, పట్టినవారి పేరు. నా ఇంటిపేరు దగ్గర కలం ఆగింది. అక్షరం అక్షరం చెప్పాను. గడిలో పట్టక పక్క గడిలోకి పాకింది. అది "వదిలేశారు" అని గుర్తు పెట్టాల్సిన గడి.

దారిలో కారు ఆపి అమ్మకు ఫోను చేశాను. అక్కడ రాత్రి పదకొండు దాటింది, మేలుకునే ఉంది.

"ఎట్టకేలకు పట్టానమ్మా."

"చాలా సంతోషం నాయనా. పులుసు పెట్టించావా? బెండకాయలు వేయమని చెప్పు."

"వదిలేశానమ్మా."

అవతల నుంచి చాలాసేపు మాట లేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను.

"గుడ్లు పెట్టడానికి వెళ్తోందా?"

"అవునమ్మా."

"సరేలే. ఎంత ఉంటుంది?"

"మూడు కిలోలు దాటుతుంది."

ఆవిడ ఫోను పక్కన పెట్టింది గానీ కట్టేయలేదు. నిద్ర లేచి వచ్చిన మామయ్యతో, "నీ మేనల్లుడు ఐదు కిలోల చేపను పట్టాడట, తిననే లేదట" అని చెప్పడం స్పష్టంగా వినిపించింది.